మినతి దీదీ పిండిముద్ద

చాందినీ మార్కెట్లో మినతి దీదీ గురించి ఒక మాట ఉంది. లాప్‌టాప్‌లో మదర్‌బోర్డు చచ్చిపోతే ఆమె దానికి పిండం పెడుతుందట. తారాపీఠ్ శ్మశానంలో ఒక సాధువు దగ్గర ఆ విద్య నేర్చుకుందట. పాత బోర్డు శాంతిస్తేనే కొత్త బోర్డు చల్లగా పనిచేస్తుందట, లేకపోతే పాతది కొత్తదాన్ని పట్టుకుని లోపల్లోపలే కాల్చేస్తుందట. టీ కొట్టు భజహరి ఈ కథ చెప్పేటప్పుడు గొంతు తగ్గిస్తాడు, టీ పోయడం మాత్రం ఆపడు.

"నా కళ్లతో చూశాను," అంటాడు. "తెల్లటి ముద్దలు. బుల్లిబుల్లివి. వరసగా పెట్టింది. నువ్వుగింజలు వెయ్యలేదంతే."

ముద్దలు చూశానన్న మాట నిజమే. నేనూ చూశాను. నేను ఆమె బల్ల చివరన కూర్చుని ఫ్యాన్లలో దుమ్ము దులుపుతాను కాబట్టి అతనికన్నా దగ్గరగానే చూశాను.

మినతి హజ్రా బారుయిపూర్ నుంచి లోకల్ రైల్లో ఆడవాళ్ల పెట్టెలో వస్తుంది. జామకాయల రోజుల్లో ఆమె సంచీ రైలు దిగేసరికి సగం ఖాళీ అవుతుంది, ఎదురైనవాళ్ల చేతిలో కాయ పెట్టకుండా ఉండలేదు. సాహా బాబు షాపుకి మొదట వచ్చింది ఊడ్చి, టీ గ్లాసులు కడగడానికి. ఊడ్చినప్పుడు చీపురుకి స్క్రూలు దొరికేవి. వాటిని చెత్తలో వెయ్యకుండా తెచ్చి, "ఇది ఆ నల్ల లాప్‌టాప్ మూతది, ఇది ఫ్యాన్‌ది" అని పక్కన పెట్టేది. ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పనూలేదు. కొన్నేళ్లకి ఆమెకి మెట్ల కింద ఒక బల్ల వచ్చింది. ఆ గల్లీ మొత్తం మీద ఆడమనిషి చేతిలో సోల్డర్ కడ్డీ ఉన్న బల్ల అదొక్కటే. మిగతా షాపుల్లో ఆడవాళ్లు కౌంటర్ దగ్గర నవ్వుతూ నిలబడాలి, లేకపోతే నాలాగా దుమ్ము దులపాలి.

ఆమెకి వినయం తక్కువ. బోర్డు మార్చి మూత బిగించాక దాని మీద ఒకసారి అరచెయ్యి వేసి, "తీసుకెళ్లండి. ముందుకన్నా చల్లగా లేకపోతే నా మొహాన కొట్టండి," అంటుంది. ఇంతవరకు ఎవరూ కొట్టలేదు. ఫ్యాన్ కడిగి, ఎండిపోయిన పేస్టు గీకి కొత్తది రాస్తే ఏ లాప్‌టాప్ అయినా కొంత చల్లబడుతుంది, అది గల్లీలో అందరూ చేసేదే. మినతి దీదీ చేతిలోంచి వెళ్లినవి ఇంకాస్త చల్లగా ఉండేవి. ఆ ఇంకాస్త ఎక్కడి నుంచి వస్తోందో తెలియకే గల్లీ జనం తారాపీఠ్ దాకా వెళ్లారు.

ఆ ఏడు విశ్వకర్మ పూజ పితృపక్షంలో పడింది. ఊళ్లో అందరూ గంగలో దిగి పెద్దలకి నీళ్లు వదులుతున్న రోజులు. తెల్లటి ముద్దల కథకి అంతకన్నా మంచి గాలి దొరకదు. ఒకాయన లాప్‌టాప్ ఇచ్చి, మెట్ల కిందకి తొంగిచూసి, సగం విప్పిన యంత్రాన్ని అలాగే సంచీలో వేసుకుని వెళ్లిపోయాడు. గడప దాటాక కాళ్లు కూడా కడుక్కున్నాడు.

సాహా బాబు ఆ పూట అన్నం తినలేదు.

"నా షాపు గయ కాదు మినతీ!" అని అరిచాడు.

"అది లూచీ పూరీల పిండి సాహా బాబూ. మైదా. నా టిఫిన్‌లోది."

"లూచీ పిండి ఉండాల్సింది మూకుట్లో. నా యంత్రాల్లో కాదు."

"నేనెందుకు పెడుతున్నానో అడగరా?"

"అడగను. అడిగితే నువ్వు చెప్తావు, చెప్తే నేను వింటాను, విన్నాక ఒప్పుకుంటాను. బయట ఉన్నవాళ్లకి ఎవరు చెప్తారు? ఇంకోసారి ఆ ముద్ద నా షాపులో కనిపించిందా, ఆ బల్ల పల్టూది."

పల్టూ దాదా ముందు గదిలో స్టూలు మీద కూర్చుని పనిచేసే మనిషి. చెయ్యి మంచిది, తొందర ఎక్కువ. తన పేరు రాగానే తలొంచుకుని లేని స్క్రూ కోసం వెతకడం మొదలుపెట్టాడు.

మినతి దీదీ పిండి తేవడం మానేసింది. మధ్యాహ్నం షాపులో వేయించుకునే లూచీలు ఇంట్లోనే వేయించి తెచ్చుకుంది. ఆ రోజుల్లో మూత బిగించాక ఆమె అరచెయ్యి వెయ్యలేదు, ఆ మాటా అనలేదు. తర్వాత గాలివానకి ఇంటి రేకులు లేచిపోతే సెలవు పెట్టి ఇంటి దగ్గరే ఉండిపోయింది.

ఆమె లేనప్పుడు వచ్చింది సుబల్ ప్రామాణిక్ లాప్‌టాప్. చందన్‌నగర్ దీపాల మేస్త్రీ ఆయన. వెదురు చట్రాల మీద వేల దీపాలు కట్టి, ఏ దీపం ఎప్పుడు వెలగాలో లాప్‌టాప్‌తో చెప్పిస్తాడు. మూడంతస్తుల ఎత్తు నెమలి మెడ తిప్పుతుంది, అడుగు వేస్తుంది, చివరికి తోక విప్పుతుంది. బోర్డు పోయిందని తెస్తే పల్టూ దాదా కొత్తది వేసి, నడిపించి చూపించి, పంపేశాడు.

విశ్వకర్మ పూజకి ముందురోజు మినతి దీదీ తిరిగొచ్చింది. గల్లీ అంతా పనిముట్లు కడుగుతున్నారు. మర్నాడు ఎవరూ ఏ పనిముట్టూ ముట్టుకోరు కదా, సాయంత్రానికల్లా అన్నీ బొట్లు పెట్టించుకుని దేవుడి ముందుకి వెళ్లిపోవాలి. పైన మేడల మీద పిల్లలు అప్పుడే గాలిపటాలు మొదలుపెట్టారు. వాన మాత్రం ఆగి ఆగి పడుతోంది. ఆ వానలో సుబల్ దాదా వచ్చాడు, లాప్‌టాప్‌ని గమ్ఛా తువ్వాల్లో చుట్టి చంటిపిల్లలా ఎత్తుకుని.

"పల్టూ! నువ్వు వేసింది బోర్డా, పొయ్యా?"

"ఏమైంది దాదా?"

"పాత బోర్డు ఉన్నన్నాళ్లూ ఒళ్లో పెట్టుకుని పనిచేశాను. ఇప్పుడు ఒళ్లో పెడితే పంచె కాలుతోంది. నెమలి మెడ తిప్పుతుంది, అడుగు వేస్తుంది, తోక విప్పబోయేసరికి టప్! చీకటి. తోకలేని నెమలిని ఏమంటారో తెలుసా? కోడి అంటారు. మా వీధి పిల్లలు నన్ను కోడి మేస్త్రీ అంటున్నారు."

"బోర్డు కొత్తది దాదా. డబ్బా నా చేత్తోనే తెరిచాను."

"అయితే ఇది కొత్తగా కాలుతోంది."

సాహా బాబు మధ్యలోకి వచ్చాడు. "బోర్డే చెడ్డదై ఉంటుంది. పూజ అయ్యాక వెనక్కి పంపి ఇంకోటి తెప్పిస్తాను సుబల్ బాబూ."

"పూజ అయ్యాకా? రేపు రాత్రి పందిట్లో మొదటిసారి వెలిగించి చూపించాలి నేను. నాకు ఇవాళే కావాలి."

మినతి దీదీ జామకాయల సంచీ కింద పెట్టింది. "ఒకసారి విప్పనా?"

సాహా బాబు ఆమె సంచీ వైపు చూశాడు. అందులో టిఫిన్ డబ్బా ఉంది. రేకుల పని ముగించుకుని నేరుగా వచ్చిన రోజు, లూచీలు వేయించుకునే తీరిక ఉండదు. డబ్బాలో ఏముందో ఆయన అడగలేదు. "విప్పు," అన్నాడు.

ఆమె మూత తీసింది. ఫ్యాన్‌ని వేలితో తిప్పి చూసింది. శుభ్రంగానే ఉంది, అది దులిపింది నేనే.

"ఫ్యాన్ పాతదే. రాగి గొట్టం పాతదే," అంది. "పేస్టు కొత్తగా రాశావు కదా పల్టూ?"

"రాశాను."

"ఫ్యాన్ ఎప్పుడు తిరగాలో చెప్పేది బోర్డే. కొత్త బోర్డు ఆలస్యంగా చెప్తోందేమో." నడిపించి చెవి పెట్టి వింది. ఫ్యాన్ పరుగెత్తుతూనే ఉంది, గోలగోలగా. "చెప్తోంది. పాపం, గొంతు చించుకుంటోంది. అయినా బయటికొచ్చే గాలి చూడండి."

సుబల్ దాదా ఫ్యాన్ కన్నం దగ్గర చెయ్యి పెట్టాడు. "చల్లగా ఉందే!"

"అదీ సంగతి. లోపల మంట, బయట చల్లగాలి. వేడి పుడుతోంది కానీ రాగిలోకి ఎక్కట్లేదు." తల ఎత్తింది. "పల్టూ, ప్యాడ్లు ఎక్కడివి వేశావు?"

ప్యాడ్లంటే మెత్తటి నీలం ముక్కలు, రబ్బరులా ఉంటాయి. ప్రాసెసర్ మీద పేస్టు ఉంటుంది, రాగి పలక సరాసరి దాని మీదే కూర్చుంటుంది. పక్కనుండే మెమరీ ముక్కలు పొట్టివి కాబట్టి వాటికీ పలకకీ మధ్య ఈ ప్యాడ్లు పెడతారు. మా గల్లీలో ప్యాడ్లు ఎవరూ పారెయ్యరు. పాత బోర్డు మీంచి ఒలిచి కొత్త బోర్డు మీద అతికిస్తారు, మిగిలితే బిస్కెట్ల డబ్బాలో దాస్తారు. పనికొచ్చే వస్తువు పారేస్తే విశ్వకర్మకి కోపం వస్తుందని సాహా బాబు తండ్రి కాలం నుంచీ మాట.

"పాత బోర్డువే వేశాను," అన్నాడు పల్టూ దాదా. "చిరగలేదు, బాగానే ఉన్నాయి. ఇంకెక్కడివి వేస్తాను?"

చచ్చిన బోర్డు ఇంకా పాత సామాను వేసే గోనెసంచీలోనే ఉంది. మినతి దీదీ దాన్ని తెప్పించి కొత్తదాని పక్కన పెట్టింది. రెండూ ఒకే కంపెనీవి, ఒకే పేరు. మెమరీ ముక్కల మీద అక్షరాలు మాత్రం వేరు. ఆమె వంగి, కన్ను బల్ల ఎత్తుకి దించి, పక్క నుంచి చూసింది. నేనూ చూశాను. తేడా ఉందంటే ఉంది, లేదంటే లేదు.

"కంటికి ఆనట్లేదు," అంది. తర్వాత నిటారుగా కూర్చుని, "సాహా బాబూ, నాకు పిండి కావాలి," అంది.

షాపులో అందరూ సాహా బాబు వైపు తిరిగారు. సుబల్ దాదాకి ఈ కథేమీ తెలియదు. "ఆకలేస్తే తినమ్మా, నేను ఆగుతాను," అన్నాడు.

"మినతీ," అన్నాడు సాహా బాబు, "రేపు పూజ. పైగా పితృపక్షం. నేనేం చెప్పానో గుర్తుందా?"

"గుర్తుంది. మెట్ల కింద చీకట్లో చేశాను కాబట్టి అది పిండం అయింది. ఇవాళ ముందు బల్ల మీద, దీపం కింద చేస్తాను. భజహరిని పిలవండి, గల్లీనంతా పిలవండి. నేను తప్పయితే నా బల్ల నేనే తుడిచి పల్టూకి ఇచ్చి పోతాను. మళ్లీ గ్లాసులు కడుక్కుంటాను."

"నాకా బల్ల వద్దు దీదీ," అన్నాడు పల్టూ దాదా. "మెట్ల మీద ఎవరు నడిచినా నెత్తిన మట్టి పడుతుంది."

ఎవరో నవ్వారు. సాహా బాబు నవ్వలేదు. కలుపుతున్న గంధం గిన్నె పక్కన పెట్టాడు. ముందు బల్ల మీదున్న సామానంతా తనే ఒక పక్కకి జరిపాడు.

పిలవాల్సిన పని లేకపోయింది. మినతి దీదీ టిఫిన్ డబ్బా తెరిచేసరికి గడప దగ్గర గొడుగులు నిండిపోయాయి. భజహరి కెటిల్‌తో సహా వచ్చి అందరికన్నా ముందు నిలబడ్డాడు. "ఇదే! నేను చెప్పలా? ఇవే ముద్దలు!"

"రా భజహరీ," అంది మినతి దీదీ. "పురోహితుడు లేడని చూస్తున్నాను. మంత్రం అందుకో."

బ్యాటరీ తీసి పక్కన పెట్టింది. మరమరాల పొట్లం పల్చటి కవరు చింపి బోర్డు మీద పరిచింది, పిండిలోని తడి తగలకుండా. ప్యాడ్లు పల్టూ దాదా పెట్టినవి పెట్టినట్టే ఉంచింది. శనగగింజంత పిండి గిల్లి, నూనె వేలితో ఉండ చేసి, ప్రాసెసర్ నడినెత్తిన పెట్టింది. పైన రాగి పలక వేసి స్క్రూలు బిగించింది, ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా, తబలా శ్రుతి చేసేవాళ్లు సుత్తితో తట్టినట్టు. తర్వాత అన్నీ విప్పి పలక ఎత్తింది.

"చూడు పల్టూ. ఇక్కడ ఏమీ మిగలకూడదు. ఉల్లిపొర కన్నా పల్చగా నలిగిపోవాలి."

పిండి నలగలేదు. బిళ్లలా దళసరిగా కూర్చుని ఉంది.

పల్టూ దాదా దాన్ని గోటితో తీసి వెలుతురులో తిప్పి చూశాడు. అతని మొహం మెల్లగా మారింది. "అంటే పలక ప్రాసెసర్‌ని తాకనే లేదు."

"ఎలా తాకుతుంది? ఈ బోర్డు మీద మెమరీ ముక్కలు ఒక్క వెంట్రుక ఎత్తు ఎక్కువ. వాటి మీద పాత ప్యాడ్లు పెట్టావు. పలక ఆ ప్యాడ్ల మీద కూర్చుని, కిందున్న ప్రాసెసర్‌ని దూరం నుంచి చూస్తోంది. పేస్టు ఎంత రాస్తే మాత్రం ఏం లాభం?"

"అత్తారింట్లో అల్లుడికి మూడు దిండ్లు వేశాన్నేను," అన్నాడు పల్టూ దాదా. "కాళ్లు నేలకి ఆనట్లేదు వాడికి." అందరికన్నా గట్టిగా అతనే నవ్వాడు. నవ్వి, బిస్కెట్ల డబ్బా తెచ్చి ఆమె ముందు బోర్లించాడు. "ఏది వెయ్యను?"

"ఆగు, అది కూడా పిండే చెప్తుంది."

ఈసారి ప్యాడ్లన్నీ ఒలిచేసి, మెమరీ ముక్కల మీద ఒక్కో ఉండ పెట్టింది. వరసగా బుల్లిబుల్లి ముద్దలు. భజహరి కెటిల్ కింద పెట్టి ముందుకి వంగాడు. పలక మళ్లీ బిగిసింది, మళ్లీ లేచింది. ముద్దలు చదునుగా అచ్చుపడి ఉన్నాయి. మినతి దీదీ ఒక బిళ్లని బ్లేడుతో ఎత్తి, డబ్బాలోని ప్యాడ్లు ఒక్కొక్కదాని పక్కనా నిలబెట్టి చూసింది. సరిపోయిన ప్యాడ్ పాతదాంట్లో సగం మందమే ఉంది. దాన్నే ముక్కలు కోసి అతికించింది. ప్రాసెసర్ మీది పేస్టు తుడిచి కొత్తది రాసింది. మూత బిగించి లాప్‌టాప్‌ని సుబల్ దాదా వైపు తోసింది.

"నెమలిని పిలవండి."

తెర మీద చుక్కల నెమలి వచ్చింది. మెడ తిప్పింది. అడుగు వేసింది. తెర మూలన వేడి చూపించే అంకె పెరుగుతోంది. షాపులో ఎవరూ ఊపిరి తియ్యట్లేదు, ఫ్యాన్ ఒక్కటే తీస్తోంది. తోక మొదలు దగ్గర ఒక్క చుక్క వెలిగింది, పక్కన ఇంకోటి, తర్వాత వందలు. తోక మొత్తం విప్పుకుంది. అంకె పెరిగి పెరిగి ఒక చోట ఆగి, ఇక కదల్లేదు. ఫ్యాన్ కన్నంలోంచి వేడిగాలి బయటికి కొట్టింది.

"కొడుతోంది!" అని అరిచాడు సుబల్ దాదా, చెయ్యి కాలినంత సంతోషంగా. నెమలి చేత మళ్లీ మళ్లీ తోక విప్పించాడు. వాన ఆగింది, భజహరి కెటిల్ ఖాళీ అయింది, నెమలి ఆగలేదు.

అయినా మేస్త్రీ మేస్త్రీయే. పంచె మీద పెట్టుకుని చూసి, "పాత బోర్డు కన్నా ఒక్క పిసరు వెచ్చగానే ఉందమ్మా," అన్నాడు.

"ఉంటుంది దాదా. ప్రాసెసర్ బోర్డుకే అతికి వస్తుంది. బోర్డు మారితే ప్రాసెసరూ మారినట్టే. ఒకే తల్లి పిల్లలే అయినా ఒకడి ఒళ్లు చల్లగా ఉంటుంది, ఒకడిది కాస్త వెచ్చగా ఉంటుంది. వీడి ఒళ్లు ఇంతే. అది జ్వరం కాదు. జ్వరం నేను తీసేశాను."

ఆమె లాప్‌టాప్ మూత మీద అరచెయ్యి వేసింది. చాలా రోజుల తర్వాత. "తీసుకెళ్లండి. తోక విప్పకపోతే నా మొహాన కొట్టండి."

సుబల్ దాదా లాప్‌టాప్‌ని మళ్లీ గమ్ఛాలో చుట్టుకుని, రెండు జామకాయలు జేబులో వేసుకుని వెళ్లాడు.

సాయంత్రం పనిముట్లు దేవుడి దగ్గరికి వెళ్లేవేళ అయింది. ఏటా సాహా బాబు తన తండ్రి స్క్రూడ్రైవర్‌కి మొదటి బొట్టు పెడతాడు. ఈసారి కూడా దానికే పెట్టాడు. రెండో బొట్టుకి చెయ్యి చాపి, "నీ చిమటా ఇలా ఇవ్వు," అన్నాడు.

మినతి దీదీ తన చిన్న పట్టకారు ఇచ్చింది. ఇన్నేళ్లలో ఆమె పనిముట్టు ఆ పళ్లెంలో పెట్టడం అదే మొదలు. గంధం, కుంకుమ పెట్టి ఆయన పళ్లెంలో సర్దుతుంటే, పల్టూ దాదా మిగిలిన పిండి ముద్ద తెచ్చి చిమటా పక్కన పెట్టాడు.

"తియ్యరా దాన్ని," అన్నాడు సాహా బాబు.

"పనిముట్టే కదా?"

ఆయన దాన్ని తియ్యలేదు. వేలికి మిగిలిన కుంకుమ ముద్ద మీద కూడా అద్దాడు. తర్వాత మినతి దీదీ వైపు తిరగకుండానే అన్నాడు. "పూజ అయ్యాక ముందు బల్లకి వచ్చెయ్. మెట్ల కింద వెలుతురు చాలదు. అవునుగానీ, నిజం చెప్పు, ఇది నీకు ఎవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదు. ఒకచోట చూశాను."

ఎక్కడో ఆయన అడగలేదు. పళ్లెం ఎత్తుకుని బయటికి నడిచాడు. గల్లీ చివర ఏనుగు మీద కూర్చున్న దేవుడి ముందు, అంత పెద్ద పెద్ద డ్రిల్లు మిషన్ల మధ్య, బొట్టు పెట్టుకున్న మైదాముద్ద ఒకటి మర్నాడంతా ఉంది. చీమలు పట్టాయి, ఎవరూ కదిలించలేదు.

ఇప్పుడు మినతి దీదీ ముందు బల్ల దగ్గర కూర్చుంటుంది. పిండి కలిపి బల్ల మీదే పెట్టుకుంటుంది. పల్టూ దాదా బోర్డు మార్చినప్పుడల్లా, "దీదీ, ఒక్క గింజంత," అని చెయ్యి చాపుతాడు. పక్క షాపుల వాళ్లూ వచ్చి చాపుతారు. భజహరి తన కథలో నెమలిని కూడా చేర్చుకున్నాడు, పిండం పెట్టగానే చచ్చిన నెమలి లేచి తోక విప్పిందంటాడు. తారాపీఠ్ సాధువు అలాగే ఉన్నాడు, పైగా ఈమధ్య అతనికి గడ్డం కూడా పెరిగింది.

మినతి దీదీ తారాపీఠ్ ఎప్పుడూ వెళ్లలేదు. వాళ్లమ్మకి పళ్లసెట్టు కట్టేటప్పుడు, పైచిగురుకీ కిందిచిగురుకీ మధ్య ఎంత ఖాళీ ఉందో చూడటానికి సర్కారు ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ ఆ పెద్దావిడ చేత మెత్తటి మైనం కొరికించి, అది ఎంత మందంగా నలిగిందో కొలిచింది. వాళ్లమ్మ సంచీ పట్టుకుని మినతి దీదీ ఆ పక్కనే నిలబడి ఉంది.